పెరటి ప్రశ్నలు: నీటి ఒడ్డున ఇల్లున్నవారికి

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మన తెలుగువాళ్ల ఇళ్లు చాలావాటికి వెనకో పక్కనో ఒక చెరువో బందో (చిన్న చెరువు) ఉంటుంది. ఈ నెల అలాంటి ఒడ్డు ఇళ్లవారి ఉత్తరాలన్నీ ఒకచోట చేర్చాం. పొడవైనవి కుదించాం. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా పెరడు వెనక చెరువు. మా వైపు ఒడ్డు 30 మీటర్ల పొడవు, నీటి మట్టానికి నాలుగడుగుల ఎత్తు. ఏటా వానలకి అడుగో అడుగున్నరో కోసుకుపోతోంది. రెండు కొబ్బరిచెట్లు పడిపోయాయి. నిలువుగా రాతిగోడ కట్టించెయ్యమని మేస్త్రీ అంటున్నాడు. మా అత్తగారేమో వట్టివేరు పెట్టమంటున్నారు. ఏది చెయ్యాలి? (పర్లాకిమిడి)

జవాబు: మీ అత్తగారి మాటే సరైంది. కాకపోతే నిట్టనిలువు ఒడ్డు మీద వట్టివేరు ఒక్కటే నిలవదు, ముందు వాలు తీయాలి. అంతకన్నా ముందు ఒడ్డు ఎందుకు పోతోందో చూడాలి. నీళ్లు తగ్గిన రోజున కిందికి దిగి, ఒడ్డుకి ఎదురుగా నిలబడండి. నీటి గీత దగ్గర మట్టి గుహలా తొలిచేసి, పైన గడ్డివేళ్లతో చూరులా వేలాడుతుంటే అది అలల పని. పైనుంచి కిందికి నిలువు చాళ్లు పడి ఉంటే అది మీ పెరటి నీరే. చూరునీరు, బావి దగ్గరి నీరు అన్నీ ఒకేచోట దూకుతున్నాయన్నమాట. అంచుకి రెండు మూడడుగుల లోపల, అంచు వెంబడే సాగే పగులు కనిపిస్తే లోపల మట్టి నీటితో నిండి పెళ్లలు పెళ్లలుగా జారుతోంది. మదుం (తూము) తీసి నీరు గబగబా దించిన రోజుల్లో ఇది ఎక్కువ. పైనుంచి దూకే నీటిని మళ్లించకుండా కింద ఏం చేసినా ఖర్చు దండగే.

ఇక గోడ సంగతి. గోడకి తగిలిన అల అక్కడితో ఆగిపోదు. కిందికి తిరిగి గోడ పాదం దగ్గరి మట్టిని ఎత్తుకుపోతుంది. కొన్నేళ్లకి పునాది బయటపడుతుంది. గోడ ఆగిపోయేచోట, అంటే మీ పక్కింటివాళ్ల ఒడ్డు మొదలయ్యేచోట, కోత ఇంకా పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు వెనక ఉంటుంది. వానకి నానిన నేలలో నాలుగడుగుల ఎత్తున నీరు నిలిచి, ముందువైపు చెరువు దిగిపోతే, ఆ నీరొక్కటే మీటరు గోడని సుమారు 700 కిలోల బరువుతో ముందుకి తోస్తుంది. 30 మీటర్లకి లెక్కేస్తే 21 టన్నులు. తడిమట్టి తోపు దీనికి అదనం. గోడలు ఎక్కువగా ముసురులో కాకుండా, ముసురు వెలిసి నీరు దిగేటప్పుడు పడిపోయేది ఇందుకే.

వాలు ఇలా తీయండి. ఒక వంతు ఎత్తుకి మూడు వంతుల వెడల్పు. మీ ఒడ్డు 1.2 మీటర్లు కాబట్టి పెరట్లో 3.6 మీటర్ల వెడల్పు వదులుకోవాలి. తవ్వే మట్టి మొత్తం 65 ఘనమీటర్లు వస్తుంది. ట్రాక్టరు లోడుకి మూడు ఘనమీటర్లు వేసుకుంటే 22 లోడ్లు. అంత చోటు లేదంటే ఒకటికి రెండు చేయండి, మట్టి 43 ఘనమీటర్లకి తగ్గుతుంది. కానీ అప్పుడు కొబ్బరిపీచు చాప పరచడం తప్పనిసరి. తవ్విన మట్టిని చెరువులోకి మాత్రం తోయొద్దు. ఆ బురద చేపగుడ్ల మీద పేరుకుంటుంది, నీరు లోతు తగ్గుతుంది, పైగా అది చెరువుని ఆక్రమించినట్టే. పడిపోయిన కొబ్బరి మొదళ్లు కూడా పెకలించకండి. చచ్చిన వేరు కూడా రెండేళ్లపాటు మట్టిని పట్టుకునే ఉంటుంది.

ఈ పని మే నెలాఖరులో, నీరు అడుగంటినప్పుడు. తొలకరి పడగానే, అంటే జూన్ రెండో పక్షంలో, నాటు. వానాకాలంలో నీరు మామూలుగా నిలిచే గీత వెంబడి 30 సెంటీమీటర్ల లావు కొబ్బరిపీచు దుంగలు వేయాలి. సగం లావు నేలలో దిగేలా చిన్న కాలవ తీసి పరచి, రెండు పక్కలా 60 సెంటీమీటర్లకొక వెదురు మేకు కొట్టండి. మేకు అయిదడుగుల పొడవుండాలి, అందులో మూడింట రెండు వంతులు నేలలోకి పోవాలి. మేకుల మీదుగా కొబ్బరితాడు అడ్డదిడ్డంగా బిగించి కట్టండి. పీచు దుంగలు దొరక్కపోతే వరిగడ్డిని పీచు వలలో గట్టిగా చుట్టి వాడొచ్చు, కాకపోతే అది ఒక్క వానాకాలమే. పచ్చి వెదురు నీటి అంచున ఒకటి రెండేళ్లే ఉంటుంది. ఆ లోపు వేళ్లు పని అందుకుంటాయి, అదే మనకి కావలసింది.

వట్టివేరు (ఇక్కడి ఒడియావాళ్లు బెణా అంటారు) వాలుకి అడ్డంగా నాలుగు వరసలు, వరసకీ వరసకీ 90 సెంటీమీటర్లు. వరసలో మొక్కకీ మొక్కకీ 15 సెంటీమీటర్లు. అంటే వరసకి 200, మొత్తం 800 మొక్కలు. పదో వంతు ఎక్కువ తెచ్చుకోండి, చచ్చినచోట మళ్లీ పెట్టడానికి. ఒక్కో మొక్కలో రెండు మూడు పిలకలుండాలి. ఆకు 20 సెంటీమీటర్లు, వేరు 10 సెంటీమీటర్లు ఉంచి కత్తిరించి, పేడనీళ్లలో ముంచి నాటండి. నర్సరీలో అడిగేటప్పుడు విత్తనం కట్టని దక్షిణాది రకమే అడగండి, అది పక్క పొలాల్లోకి పాకదు. వాన మొహం చాటేస్తే మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు నీళ్లు పెట్టాలి. మూడు నాలుగు నెలలయ్యాక ఒకసారి మోకాలెత్తుకి కోస్తే పిలకలు ఒత్తుగా వేస్తుంది. బాగా కుదురుకున్న మొక్క వేరు రెండు మూడు మీటర్ల లోతుకి నిలువుగా దిగుతుంది. వరసల మధ్య గరిక చాలు.

ఇది చెడిపోయేది నాలుగు కారణాలకి. చెట్టు నీడలో వట్టివేరు బక్కచిక్కి చచ్చిపోతుంది. అక్టోబరులో నాటితే వేరు దిగేలోపు నేల ఎండిపోతుంది. వరసలో ఒక్క మొక్క చచ్చి ఖాళీ పడితే నీరంతా ఆ సందులోంచే దూకి కాలవ చేస్తుంది, కాబట్టి మొదటి ఏడాది ప్రతి పెద్ద వాన తర్వాత వరస వెంట నడిచి చూడాల్సిందే. నాలుగోది, వేళ్లకి మంచి ధర వస్తుందని తవ్వి అమ్మడం. అమ్ముకోవాలంటే పెరట్లో వేరే మడి వేసుకోండి, ఒడ్డు వరసల జోలికి పోవద్దు.

చెట్లు కావాలంటే ఒడ్డు పై అంచుకి అయిదు మీటర్ల లోపలగా కానుగ, నేరేడు, తెల్లమద్ది. నీటి అంచునే కావాలంటే కణపు చెట్టు, ఒడియాలో హింజళ. పాదాలు నీళ్లలో ఉన్నా దానికి ఇబ్బంది లేదు. పొడుగ్గా పెరిగి, వేళ్లు పైపైనే ఉండే చెట్లు అంచున వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లా మీదుగా పోయినప్పుడు ఎన్ని చెట్లు వేళ్లతో సహా లేచాయో మీకు చెప్పక్కర్లేదు. అంచున ఉన్న చెట్టు పడితే దాని వేరుకుదురుతోపాటు బండెడు ఒడ్డు లేచిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఇదంతా సహజమైన ఒడ్డుకి చెప్పింది. మీ పెరడు ఆనుకున్నది చెరువు గట్టు, అంటే నీటిని ఆపడానికి పోసిన కట్ట అయితే దాన్ని చెక్కకూడదు, దాని మీద చెట్లు నాటకూడదు. చచ్చిన వేరు పుచ్చిపోయాక ఆ సొరంగంలోంచి నీరు దారి చేసుకుని గట్టుకి గండి పడుతుంది. గట్టు మీద గడ్డి ఒక్కటే.

ప్రశ్న: మాకు గోడ ఎప్పుడో కట్టేశారు. మధ్యలో కాస్త ముందుకి వాలింది. పడగొట్టాలా? (జయపురం)

జవాబు: వాలు బొటనవేలంత ఉండి పగుళ్లు లేకపోతే పడగొట్టక్కర్లేదు, వెనక నీటికి దారివ్వండి. ఎండాకాలపు నీటి మట్టానికి ఒక అడుగు పైన, మీటరున్నరకొకటి చొప్పున గోడకి రంధ్రాలు పెట్టించి 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు బయటివైపు వాలుగా దించండి. ప్రతి పైపు వెనకా అడుగున్నర గొయ్యి తీసి, జియోటెక్స్‌టైల్ గుడ్డలో చుట్టిన 20–40 మిల్లీమీటర్ల కంకర పెట్టాలి. గుడ్డ లేకుండా పెడితే నీటితోపాటు మట్టీ కారిపోయి, ఏడాదిలో గోడ వెనక నేల కుంగుతుంది. గోడ ముందు పాదం దగ్గర ముందు ఒక జానెడు కంకర, దాని మీద ఒక మనిషి కష్టంగా ఎత్తగలిగే రాళ్లు, ఒకటికి రెండు వాలులో పేర్చండి. రాళ్లకి సిమెంటు పూయొద్దు. వాటి సందుల్లో అల బలం చచ్చిపోతుంది, తుంగ మొలుస్తుంది, కప్పా తాబేలూ ఒడ్డెక్కడానికి దారి దొరుకుతుంది. పగులు ఏటా పెరుగుతుంటే మాత్రం ఇంజనీరుని పిలవండి, ఆ గోడ కింద పిల్లల్ని ఆడనివ్వకండి.

ప్రశ్న: తంపర సరస్సు వైపు మా స్థలం వాలుగా దిగుతుంది. ముందంతా లాన్ వేశాం. ఏడాదికి రెండు బస్తాల డీఏపీ, కొంచెం యూరియా చల్లుతాం. నీటి అంచు రెండేళ్లుగా పచ్చటి నాచుతో నిండుతోంది. లాన్‌కీ దీనికీ సంబంధం ఉందా? (ఛత్రపురం)

జవాబు: ఉంది. లెక్క చూడండి. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరపు ఆక్సైడు 46 శాతం, అంటే అసలు భాస్వరం పది కిలోలు. మంచినీటి చెరువుల్లో నాచుని సాధారణంగా అదుపులో ఉంచేది భాస్వరపు కొరతే. ఆ కొరత తీరితే ఒక కిలో భాస్వరం మీద 500 కిలోల దాకా తడి నాచు పెరగగలదని నీటి శాస్త్రజ్ఞుల లెక్క. మీరు వేసిన 20 కిలోల్లో పదో వంతు వానకి కొట్టుకుపోయినా, టన్ను నాచుకి సరిపడా తిండి సరస్సుకి పెట్టినట్టు. భాస్వరం మట్టి రేణువుకి అంటుకుని పోతుంది కాబట్టి మట్టి కొట్టుకుపోతే భాస్వరమూ పోతుంది.

ముందు డీఏపీ ఆపేయండి. లాన్ గడ్డికి అంత భాస్వరం అక్కర్లేదు. దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టి పరీక్ష చేయించి, తక్కువ అని వస్తేనే వేయండి. యూరియా కావాలంటే కొంచెం కొంచెంగా, పెద్ద వాన సూచన లేని రోజున, నీటికి పది మీటర్ల ఇవతలే.

ఆ పది మీటర్లని లాన్‌గా ఉంచొద్దు. చోటు లేకపోతే కనీసం అయిదు మీటర్లు వదలండి. పొట్టిగా కోసిన లాన్ చూడ్డానికి పచ్చతివాచీలా ఉన్నా దాని వేరు వేళ్ల పొడవే, వాలు మీద వాననీరు దాని మీంచి జారిపోతుంది. నీటి నుంచి పైకి మొదటి మీటరు తుంగ, వస. తర్వాత రెండు మీటర్లు వట్టివేరు, దర్భ. ఆ పైన వావిలి, అడ్డసరం పొదలు, మీటరుకొకటి. ఈ రెండింటినీ మేకలు ముట్టవు, మీ వైపు అది చిన్న సంగతి కాదు. వావిలి కొమ్మ గుచ్చినా బతుకుతుంది. రాలిన ఆకు ఊడ్చకండి, అదే అక్కడ స్పాంజి. జమ్ము మాత్రం కావాలని నాటొద్దు, రెండేళ్లలో అంచంతా తనదే చేసుకుంటుంది.

నీటి దగ్గరికి దారి ఒక్కటే, నాలుగడుగుల వెడల్పు, వాలుకి ఏటవాలుగా మెలికలు తిరిగి దిగాలి. తిన్నగా దింపిన బాట మొదటి వానకే కాలవ అవుతుంది. లాన్ మూడు నాలుగు అంగుళాల ఎత్తు ఉంచి కోయండి. కోసిన గడ్డి నీళ్లలో పారెయ్యకండి, అది కుళ్లితే అదే ఎరువు.

ఇంకో సంగతి. తంపర 2021లో రామ్‌సర్ చిత్తడి నేల అయింది, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందింది. 1981 నుంచే చిలికా ఆ జాబితాలో ఉంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల ప్రకారం ఇలాంటి చోట్ల పూడ్చడం, చెత్తా శుద్ధి చేయని మురుగూ వదలడం నిషేధం. పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల, పడవల రేవు తప్ప శాశ్వత కట్టడం ఏదీ కూడదు. మొక్కలు నాటుకోవడానికి అడ్డు లేదు. కానీ గట్టి అరుగో గదో తలపెట్టేముందు భూలేఖ్‌లో (ఒడిశా ఆన్‌లైన్ భూమి రికార్డు) మీ ప్లాటు కిసం, అంటే నేల రకం, ఏమని ఉందో చూసి, తహసీల్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: ఇంటిల్లిపాదీ అయిదుగురం. వంటిల్లు, స్నానాలగది, బట్టలు ఉతికిన నీరు ఒకే పైపులో వెనక చెరువులోకి పోతోంది. వీధిలో కాలవ లేదు. ఏం చెయ్యాలి? (జయపురం)

జవాబు: మనిషికి రోజుకి 80 లీటర్లు వేసుకుంటే మీది 400 లీటర్లు. దీనికి ఒక కంకర మడి చాలు. ఇంట్లో ఆరు చదరపు మీటర్ల చోటు, ఒక మేస్త్రీ, నాలుగు రోజుల పని.

మొదట జిడ్డు తొట్టి. రెండు గదులుగా 60 × 45 × 45 సెంటీమీటర్లు, పైన తీయడానికి వీలైన మూత. మధ్య గోడ నీటిని అడుగునుంచి మాత్రమే అవతలికి పోనివ్వాలి. అప్పుడు నూనె పైన తేలి, మెతుకులు అడుగున చేరి ఇవతలే ఆగుతాయి. పదిహేను రోజులకోసారి పైన తెట్టు తీసి ఎరువు గుంటలో వేయండి. ఈ తొట్టి దండగ అనుకుని వదిలేసినవాళ్ల మడులే ఆరు నెలలకి పూడుకుపోయేవి. నూనె కంకర సందుల్లో కొవ్వొత్తి మైనంలా గడ్డకడుతుంది.

తర్వాత మడి: పొడవు 4 మీటర్లు, వెడల్పు 1.5, లోతు 60 సెంటీమీటర్లు. అడుగు మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున వాలు. లోపల మందపాటి పాలిథిన్ షీటు, దాని కింద రెండంగుళాల ఇసుక, లేకపోతే రాయి గుచ్చుకుని చిల్లు పడుతుంది. నీరు వచ్చే చివర అరమీటరు, పోయే చివర అరమీటరు 40–60 మిల్లీమీటర్ల రాళ్లు, మధ్యలో 10–20 మిల్లీమీటర్ల చిప్స్, అన్నీ కడిగినవి. క్వారీ పొడి కలిసిన చిప్స్ చౌకగా వస్తాయి, తీసుకోకండి. బయటికి పోయే పైపుకి తిప్పగలిగే ఎల్బో పెట్టండి. దాన్ని తిప్పి నీటి మట్టం కంకరకి నాలుగంగుళాల కిందే ఉండేలా చూసుకోవాలి. నీరు పైకి కనిపించిందంటే దోమల తొట్టి తయారైనట్టే. కోరాపుట్ జిల్లాలో మలేరియా సంగతి తెలిసినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోరు.

మెట్టతామర, వస, తుంగ, చదరపు మీటరుకి నాలుగు చొప్పున 24 మొక్కలు. మట్టి వేయొద్దు, వేళ్లు కడిగి కంకరలోనే పాతండి. సందుల్లో సుమారు 1,100 లీటర్లు పడుతుంది కాబట్టి నీరు లోపల రెండున్నర రోజులకి పైగా ఉంటుంది. మొక్కలు కుదురుకోవడానికి రెండు మూడు నెలలు. బయటికొచ్చే నీరు అప్పటికీ తాగేది కాదు, చెరువులోకి వదిలేదీ కాదు. అరటి పాదులకి పెట్టండి, నాలుగు పిలకలుంటే సరిపోతాయి.

మరుగుదొడ్డి నీరు ఇందులో కలపకూడదు, దానికి సెప్టిక్ ట్యాంకు వేరే. దాని ఇంకుడు గుంట తాగే బావికి కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు దూరం ఉండాలని భారతీయ ప్రమాణం. చెరువు నుంచి స్థలం ఇచ్చినంత ఎక్కువ దూరం పెట్టండి. దూరమే చూసి లోతు మర్చిపోవద్దు. సెప్టెంబరులో చేతి బర్మాతో నేల తొలిచి నీరు ఎంత లోతున తగులుతుందో చూడండి. గుంట అడుగు ఆ నీటిలో మునిగితే మురుగు వడకట్టకుండానే చెరువులో కలుస్తుంది. అలాంటిచోట గుంట లోతుగా కాకుండా నేల పైకి మట్టి దిబ్బ పోసి, అందులో చిల్లుల పైపులు పరచాలి. ట్యాంకు రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించండి.

ప్రశ్న: కొత్తిల్లు కడుతున్నాం, పక్కనే బంద. వానల్లో పని ఆగదు. పోసిన మట్టి కొట్టుకుపోకుండా ఏదైనా సులువైన మార్గం? (రాయగడ)

జవాబు: మట్టీ ఇసుకా నీటికి దూరంగా, స్థలంలో ఎగువన పోయించండి. రాత్రి టార్పాలిన్ కప్పండి. దిగువన, నీటికి అయిదు మీటర్ల ముందు, గోనెపట్టా తడికలు మేకులకి కట్టండి. అడుగు అంచు జానెడు నేలలో పూడ్చడమే అసలు కిటుకు, లేకపోతే నీరంతా కిందనుంచి పోతుంది. వెనక చేరిన ఒండ్రు సగం ఎత్తుకి రాగానే ఎత్తేయాలి. తవ్వి వదిలేసిన నేల మీద వంద చదరపు మీటర్లకి 40–50 కిలోల వరిగడ్డి పరచండి. సిమెంటు తట్టలు, మిక్సరు కడిగిన నీరు బందలోకి పోనివ్వొద్దు. అది సున్నపు ఘాటు, చిన్న చేపల్ని చంపుతుంది.

ప్రశ్న: చూరునీరు పైపుల్లోంచి నేరుగా ఒడ్డు మీద పడుతోంది. ఇంకుడు మడి వేద్దామంటే దోమలొస్తాయని ఇంట్లో భయం. కప్పు వంద చదరపు మీటర్లు. (బరంపురం)

జవాబు: 25 మిల్లీమీటర్ల వాన పడితే మీ కప్పు మీంచి 2,500 లీటర్లు దిగుతుంది. దానికి 15 చదరపు మీటర్ల మడి, మధ్యలో 15 సెంటీమీటర్ల పల్లం సుమారు సరిపోతుంది. ముందు పరీక్ష: అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి, గంటకి అంగుళమైనా దిగుతుందేమో చూడండి. దిగితే మడి ఒక రోజులో ఆరిపోతుంది. దోమ గుడ్డు నుంచి రెక్కలదాకా రావడానికి వారం పైన కావాలి కాబట్టి భయం లేదు. దిగకపోతే ఆ బంకమట్టిలో మడి వేయకండి, చూరునీరు తొట్టిలో పట్టుకోండి. మడి వేస్తే అది పునాదికి మూడు మీటర్ల దూరంలో ఉండాలి. ఎక్కువైన నీరు పొర్లేచోట రాళ్లు పరచి, ఒడ్డు వట్టివేరు వరస మీదికి పలచగా పరుచుకునేలా వదలాలి.

ప్రశ్న: రంభ దగ్గర మాకు నీటి అంచు వెంబడి పాత మొగలి కంచె ఉంది. ముళ్లు, పాముల భయం, పైగా ఏమీ కనిపించదు. కొట్టించేద్దామనుకుంటున్నాం. (రంభ)

జవాబు: దయచేసి కొట్టించకండి. గంజాం జిల్లాలో పొలం గట్లకీ వాగు ఒడ్లకీ మొగలిని కంచెగా పెట్టింది ఊరికే కాదు. కాండం నుంచి గుంజల్లా దిగిన ఊడవేళ్లు ఒడ్డుని కాళ్లేసుకుని పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. కొత్తగా ఏది నాటినా ఆ పట్టు రావడానికి ఏళ్లు పడుతుంది. పైగా గంజాం కేవడాకి (మొగలిపూవుకి) భౌగోళిక గుర్తింపు ఉంది. అత్తరుకి పోయేది మగచెట్టు పూవే.

చూపు కావాలంటే ఒకేచోట మూడు మీటర్ల వెడల్పు కిటికీలా పై కొమ్మలు తగ్గించండి, ఊడవేళ్లు ముట్టకండి. ఎండు ఆకులు కింద గుట్ట పడనివ్వకుండా ఏడాదికోసారి కోయించి, కంచెకీ నడిచే దారికీ మధ్య మీటరున్నర శుభ్రంగా ఉంచితే పాము వచ్చినా కనిపిస్తుంది. ఖాళీలు పూడ్చాలంటే పూలిచ్చే మగచెట్టు కొమ్మే చేయెత్తు ముక్క కోసి వానాకాలం మొదట్లో నాటండి.

ప్రశ్న: బంద చుట్టూ లొట్టపీసు అల్లుకుపోయింది. కొట్టినకొద్దీ వస్తోంది. మందు కొట్టొచ్చా? (గుణుపురం)

జవాబు: నీటి అంచున కలుపుమందు వద్దు, నేరుగా నీళ్లలోకే పోతుంది. లొట్టపీసు (ఒడియాలో అమరి) కొట్టి అక్కడే పడేస్తే ప్రతి ముక్కా మళ్లీ చిగురిస్తుంది, అందుకే కొట్టినకొద్దీ వస్తోంది. ఏప్రిల్, మే నెలల్లో నీరు తగ్గాక మొదలంటా పెకలించి, నేల తగలకుండా రాళ్ల మీదో సిమెంటు నేల మీదో ఫెళఫెళలాడేదాకా ఎండనివ్వండి. మేకలకి వేయొద్దు, విషం. ఒడ్డంతా ఒకేసారి ఖాళీ చేయకండి. మూడు మీటర్లు తీసి మూడు మీటర్లు వదిలి, తీసినచోట తొలకరికి వట్టివేరు, వావిలి పెట్టి, మిగతాది మరుసటి ఏడు తీయండి. లేకపోతే కలుపు పోయిన ఆనందం తీరకముందే ఒడ్డు పోతుంది.

ప్రశ్న: సొంత చెరువు, నీరు ఆకుపచ్చ రంగు కలిపినట్టయింది. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుస్తున్నాయి. మైలతుత్తం వేస్తే తేటపడుతుందంటున్నారు. (కాశీనగరం)

జవాబు: వేయకండి. తేటపడుతుంది, చేపలూ పోతాయి. నాచు అంతా ఒక్కసారి చచ్చి కుళ్లేటప్పుడు నీటిలో ఉన్న కాస్త ప్రాణవాయువునీ లాగేస్తుంది. నీలి ఆకుపచ్చ రకం నాచయితే దాని లోపలి విషం నీటిలోకి వదులుతుంది. చేపలు నోళ్లు తెరిచేది తెల్లవారుజామునే ఎందుకంటే, రాత్రంతా నాచు కూడా ఊపిరి పీలుస్తుంది, వెలుతురు లేక తిరిగి ఇవ్వదు. ఇప్పటికిప్పుడు చేపల మేత ఆపి, రాత్రి రెండు నుంచి పొద్దెక్కేదాకా పంపుతో నీటిని పైకి చిమ్మించండి. పశువుల్ని ఆ నీరు తాగనివ్వొద్దు. తర్వాత ఎరువు ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. పేడదిబ్బ, బాతుల షెడ్డు, పొలం నీరు, ఈ మూడింట్లోనే సాధారణంగా ఉంటుంది. పేడదిబ్బని 30 మీటర్లు వెనక్కి జరిపి, చుట్టూ జానెడు గట్టు వేయండి. గుర్రపుడెక్క కనిపిస్తే చేత్తో లాగి ఒడ్డుకి దూరంగా ఎరువు వేయండి. రెండు వారాల్లో రెట్టింపు కాగల మొక్క అది, బుట్టెడు ఉన్నప్పుడే తీయాలి.

ప్రశ్న: ఇవన్నీ చేశాక నీరు బాగుపడిందని ఎలా తెలుస్తుంది? ల్యాబుకి పంపాలా? (బరంపురం)

జవాబు: ల్యాబు అక్కర్లేదు, ఒక పళ్లెం చాలు. 20 సెంటీమీటర్ల రేకు పళ్లెం తీసుకుని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండింటికి తెలుపు, మిగతా రెండింటికి నలుపు రంగు వేయండి. మధ్యలో రంధ్రం పెట్టి, కింద బరువు కట్టి, పది సెంటీమీటర్లకొక ముడి ఉన్న తాడుతో దించండి. కనుమరుగైనచోట ముడి లెక్కపెట్టి, మళ్లీ పైకి లాగుతూ కనిపించినచోట లెక్కపెట్టి, రెండింటి సగటు రాసుకోండి. ఆ లోతు పెరుగుతుంటే నీరు తేటపడుతున్నట్టు. ఎండ ఉన్న రోజు, పది నుంచి రెండు గంటల మధ్య, ఎప్పుడూ ఒకేచోట, నెలకి రెండుసార్లు, నీడ పడే వైపున నిలబడి. పెద్ద వాన పడ్డ వారం కొలత విడిగా గుర్తు పెట్టండి, అది బురద చూపిస్తుంది, నాచుని కాదు. పోల్చేటప్పుడు ఈ ఏటి ఫిబ్రవరిని పోయినేటి ఫిబ్రవరితోనే పోల్చండి.